ముందు బండి మాట, వెనుక బండి నోట

రహదారిపై వాహనాలకు నాలుగే మాటలు తెలుసు. ‘ఇక్కడ నేను ఉన్నాను’ అన్నది మొదటిది. ‘ఆగుతున్నాను’ అన్నది రెండవది. ‘ఎడమకు తిరుగుతున్నాను’, ‘కుడికి తిరుగుతున్నాను’ అన్నవి మిగిలిన రెండు. ఈ నాలుగు మాటలను వాహనం తన వెనుక భాగాన అమర్చిన దీపాలతో పలుకుతుంది. వెనుక వచ్చేవాడు చదువుకొన్నవాడైనా కాకపోయినా, ఏ రాష్ట్రం వాడైనా, ఈ భాష అతనికి అర్థమౌతుంది. కాని ఒక వాహనం మరొక వాహనాన్ని లాగుతూ పోయేటప్పుడు ముందున్న వాహనం వెనుక భాగం ఎవరికీ కనిపించదు. అది పలికిన మాట దాని వెనుక వస్తున్న ట్రాలీ గోడకే వినిపించి అక్కడే ఆగిపోతుంది. ఆ మాటను ట్రాలీ వెనుక దాకా ఎట్లా చేర్చవలెను? ఇందుకు కావలసిన తీగలేవి, వాటిని కలిపే పద్ధతి ఏది? ఈనాటి ప్రసంగంలో శ్రోతలతో మనవి చేయదలచిన విషయం ఇది.

ఈ విషయానికి పెనుకొండ సమీపంలోని ఎర్రమంచిని మించిన ఉదాహరణ మరొకటి వెదకనక్కర లేదు. 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులకు పెనుకొండ రాజధాని అయినది. ఆ కొండకోట చెంతనుంచే నేడు హైదరాబాదు, బెంగుళూరు నగరాలను కలిపే జాతీయ రహదారి పోతున్నది. చాలాకాలం 7వ నంబరు రహదారిగా ప్రసిద్ధమైన ఈ దారికి 2010లో 44 అన్న కొత్త అంకె వచ్చినది. కాశ్మీరులోని శ్రీనగరు మొదలుకొని కన్యాకుమారి వరకు సాగే దారి ఇది. ఈ దారి పక్కనే ఎర్రమంచి వద్ద కొరియా దేశపు కియా సంస్థ కార్ల కర్మాగారాన్ని నెలకొల్పినది. 2017 ఏప్రిలులో ఒప్పందం కుదిరినది. 2019 ఆగస్టు 8వ తేదీన సెల్టోస్ అనే కారు అక్కడి నుంచి వెలువడినది. 536 ఎకరాల విస్తీర్ణంలో, ఏటా 3 లక్షల కార్లను తయారుచేయగల శక్తితో ఆ కర్మాగారాన్ని కట్టినారు. 2022 ఏప్రిలు 4న ఈ ప్రాంతం అనంతపురం జిల్లా నుంచి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది.

కర్మాగారం వచ్చినంత మాత్రాన పల్లె తన పని మానుకోలేదు. కొత్త కార్లను వీపున మోసుకొని పోయే పొడవైన ట్రైలర్లు పోయే దారిలోనే వేరుశనగ కట్టె నింపుకొన్న ట్రాక్టరు ట్రాలీ పోతున్నది. హిందూపురం సంతకు చింతపండు బస్తాలు పోతున్నవి. ఇటుకలు, ఇసుక, మల్బరీ ఆకు, పొలం పని ముగించుకొని ఇల్లు చేరే కూలీలు, అన్నీ ఆ ట్రాలీలలోనే. మొదటి రకం ట్రైలరు వెనుక భాగాన దీపాలు వరుసలు తీరి ఉంటవి. రెండవ రకం ట్రాలీకి చాలాచోట్ల వెనుక దీపం అన్నదే ఉండదు. ఉన్నా వెలగదు. వెలిగినా ట్రాక్టరు చెప్పిన మాట చెప్పదు. ఇద్దరూ నడిచేది ఒకే దారిపై గనుక, వీరిద్దరి మధ్య ఉన్న ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చే తేడా.

కొంచెం లెక్క వేసి చూడవలెను. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక క్షణంలో, అంటే ఒక సెకండులో, 22 మీటర్లు పోతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టరు అదే సెకండులో అయిదున్నర మీటర్లు మాత్రమే కదులుతుంది. అంటే ప్రతి సెకండుకూ ఆ రెండింటి నడుమ దూరం 16 మీటర్లకు పైగా తరిగిపోతుంది. కారు దీపాల వెలుగులో వంద మీటర్ల దూరాన ట్రాలీ కనబడినదనుకొందాము. కారు నడిపేవాడికి మిగిలిన వ్యవధి ఆరు సెకండులు. ట్రాలీ కనబడడానికి ఒక సెకండు, అది కదులుతున్నదో నిలిచి ఉన్నదో పోల్చుకొనడానికి మరొకటి పోతుంది. ఇంతలో ఆ ట్రాలీ ఏ సూచనా లేకుండా కుడివైపు పల్లె బాటకు తిరిగినదా, మిగిలిన వ్యవధి బ్రేకు తొక్కడానికి కూడా చాలదు. మన దేశంలో వాహనాలు ఎడమ ప్రక్కన నడుస్తవి గనుక కుడికి తిరగడమంటే వెనుకనుంచి వేగంగా వచ్చేవారి దారికి అడ్డం పోవడమే. కాబట్టి కుడి ఇండికేటరు ట్రాలీకి అలంకారం కాదు, ఆయువుపట్టు.

వెనుకటి కాలంలో మన పెద్దలకు ఈ జాగ్రత్త తెలియకపోలేదు. రాత్రిపూట సంతకు పోయే ఎద్దుల బండి ఇరుసు కింద లాంతరు కట్టి వేలాడదీసేవారు. తోలేవాడు కునికినా లాంతరు మేలుకొని ఉండేది. మోటారు వాహనాలు వచ్చిన కొత్తలో చేయి చాచి దిక్కు చూపేవారు. తరువాత కారు ప్రక్కనుంచి చిన్న రెక్కవలె బయటికి లేచే సూచికలు వచ్చినవి. 1939లో అమెరికాలో బ్యూక్ కార్లకు మిణుకు మిణుకుమనే దిక్కు దీపాలను కర్మాగారంలోనే అమర్చి ఇచ్చినారు. చేయి చాచే పద్ధతి నేటికీ చెల్లుతుంది. కాని చేయి చాచినా కట్టె నింపిన ట్రాలీ వెనుకనున్న వాడికి ఆ చేయి కనబడదు. చీకటిలో అసలే కనబడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రైలరును కూడా ఒక వాహనంగానే గుర్తించినది. 1989 నాటి కేంద్ర నియమాలలో దీపాలకు, కాంతిని తిప్పికొట్టే బిళ్ళలకు, దిక్కు సూచికలకు వేర్వేరు నియమాలు ఉన్నవి. చట్టం మాట అట్లా ఉంచి, ఇక పని మాటకు వద్దాము.

ట్రాక్టరులో ఇండికేటరు వెలిగే తీరు ఇది. బ్యాటరీనుంచి విద్యుత్తు మొదట ఫ్యూజు గుండా, అక్కడినుంచి ఫ్లాషరు అనే చిన్న డబ్బా గుండా పోయి స్విచ్చిని చేరుతుంది. స్విచ్చిని ఎడమకు తిప్పితే ఎడమ బల్బులకు, కుడికి తిప్పితే కుడి బల్బులకు పోతుంది. బల్బులో వెలిగి, వాహనపు ఇనుప శరీరం ద్వారా తిరిగి బ్యాటరీని చేరుతుంది. ఈ తిరుగు దారినే ఎర్త్ అంటారు. నీటి కాలువకు వచ్చే దారి ఉంటే చాలును; విద్యుత్తుకు పోయే దారి కూడా ఉండి తీరవలెను. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకొన్నవారికి ట్రాలీ దీపాల చిక్కులలో సగం విడిపోయినట్లే.

ట్రాలీకి కావలసిన తీగలు ముఖ్యంగా అయిదు: ఎర్త్ ఒకటి, ఎడమ ఇండికేటరు ఒకటి, కుడి ఇండికేటరు ఒకటి, బ్రేకు దీపం ఒకటి, రాత్రి వెలిగే ఎర్ర దీపాలకు ఒకటి. రాత్రి దీపాలకు ఎడమకూ కుడికీ వేర్వేరు తీగలు వేస్తే ఆరు అవుతవి. ఏడవ దానిని అదనపు పనికి ఉంచుతారు. అందుచేతనే ప్రపంచమంతటా ఏడు పిన్నుల ప్లగ్గు వాడుకలోకి వచ్చినది. ట్రాక్టరు వెనుక సాకెట్టు, ట్రాలీ ముందు ప్లగ్గు అమర్చి, కొక్కెం తగిలించినప్పుడే దానిని కూడా తగిలించవలెను.

ఈ ఏడింటికీ అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉన్నది. 12 వోల్టుల వాహనాలకు క్రమం ఇది: 1వ పిన్ను ఎడమ ఇండికేటరు, తీగ పసుపు, 2వది వెనుక మంచుదీపం వంటి అదనపు పనికి, నీలం, 3వది ఎర్త్, తెలుపు, 4వది కుడి ఇండికేటరు, ఆకుపచ్చ, 5వది కుడివైపు రాత్రి దీపం, గోధుమ రంగు, 6వది బ్రేకు దీపం, ఎరుపు, 7వది ఎడమవైపు రాత్రి దీపం, నలుపు. కాగితం, కలం దగ్గర ఉన్న శ్రోతలు దీనిని వ్రాసుకొని ఎలెక్ట్రీషియనుకు చూపవచ్చును. రంగు ఏదైతే నేమి, దీపం వెలిగితే చాలునని కొందరు అంటారు. మన పల్లెలలో ట్రాలీ ఒకరిది, ట్రాక్టరు మరొకరిది కావడం మామూలు. నూర్పిళ్ళనాడు పొరుగువారి ట్రాలీని అడిగి తెచ్చుకొంటాము. ఎవరికి తోచినట్లు వారు తీగలు కలిపినచో, ఈ ట్రాక్టరు ‘ఎడమ’ అన్నది ఆ ట్రాలీ ‘కుడి’ అని పలుకుతుంది. మౌనంగా ఉన్న ట్రాలీకన్న అబద్ధం చెప్పే ట్రాలీ మరింత అపాయకరం. ఊరంతా ఒకే క్రమం పాటించినప్పుడే అరువు తెచ్చిన ట్రాలీ కూడా నిజం చెబుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ట్రాక్టర్లలోను కార్లలోను సాధారణంగా ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. ఎర్రమంచి నుంచి కార్లను తీసుకొని పోయేవంటి పెద్ద లారీలలో 24 వోల్టులు ఉంటవి. వాటి ఇంజను బండికి, వెనుక ట్రైలరుకు నడుమ స్ప్రింగువలె చుట్టుకొన్న తీగ వేలాడుతూ ఉంటుంది. మలుపులో సాగుతుంది, తిన్నగా పోయేటప్పుడు ముడుచుకొంటుంది. వాటి ప్లగ్గుకు కూడా ఏడు పిన్నులే కాని క్రమం వేరు: 1వది ఎర్త్, 2వది ఎడమ రాత్రి దీపం, 3వది ఎడమ ఇండికేటరు, 4వది బ్రేకు, 5వది కుడి ఇండికేటరు, 6వది కుడి రాత్రి దీపం, 7వది ట్రైలరు బ్రేకు సంబంధమైనది. లారీ సామాను పాత ఇనుప అంగడిలో చవకగా దొరికినదని తెచ్చి ట్రాక్టరుకు బిగించేవారు ఈ భేదం గమనించవలెను. 12 వోల్టుల బల్బుకు 24 వోల్టులు అందితే అది తక్షణమే మాడిపోతుంది. 24 వోల్టుల బల్బుకు 12 వోల్టులు అందితే మిణుగురు పురుగువలె వెలవెలబోతుంది.

తరువాత చెప్పవలసినది ఎర్త్ సంగతి. చాలామంది ట్రాలీకి ఎర్త్ తీగ వేయరు. ట్రాక్టరు ఇనుము, ట్రాలీ ఇనుము, నడుమ కొక్కెం కూడా ఇనుమే గదా, విద్యుత్తు ఆ దారిన తిరిగి పోతుందిలే అంటారు. కొక్కెంలో గ్రీజు ఉంటుంది, తుప్పు ఉంటుంది, మన్ను ఉంటుంది. గతుకు వచ్చినప్పుడల్లా పిన్ను ఎగిరిపడుతుంది. దీపం ఒక క్షణం వెలిగి ఒక క్షణం ఆరుతుంది. అంతకంటె వింత ఒకటి జరుగుతుంది. తిరుగు దారి దొరకని విద్యుత్తు ఇతర బల్బుల గుండా దొంగదారి వెదుక్కొంటుంది. అప్పుడు ఎడమ ఇండికేటరు వేస్తే దానికి తోడు రాత్రి దీపం కూడా మిణుకుతుంది. బ్రేకు తొక్కితే రెండు ప్రక్కల ఇండికేటర్లు మసకగా వెలుగుతవి. ఇట్టి విచిత్రం కనబడినప్పుడు బల్బులు మార్చి డబ్బు పాడుచేసుకొనక, మొదట ఎర్త్ తీగను చూడవలెను. ట్రాలీ చాసిపై రంగును, తుప్పును గీకి, మెరిసే ఇనుముపై బోల్టుతో బిగించి, పైన గ్రీజు పూయవలెను. ఆ తీగ ప్లగ్గు ద్వారా ట్రాక్టరు ఎర్త్ వరకు విడిగా పోవలెను. తక్కిన తీగలు 1.5 చదరపు మిల్లీమీటర్ల మందం ఉంటే ఎర్త్ తీగ 2.5 ఉండడం మంచిది. అన్ని దీపాల విద్యుత్తూ తిరిగి వచ్చే దారి అదే గదా.

ఇక భారం సంగతి. మామూలు ఇండికేటరు బల్బు 21 వాట్లది. బ్రేకు బల్బు కూడా అంతే. రాత్రి దీపం 5 వాట్లది. బ్రేకు తొక్కి, ఒక ప్రక్క ఇండికేటరు వేసి, రాత్రి దీపాలు వెలిగించి ఉన్నప్పుడు ట్రాలీ ఒక్కటే 73 వాట్లు కోరుతుంది. 12 వోల్టుల వద్ద అది సుమారు 6 ఆంపియర్లు. ఈ అదనపు భారాన్ని ట్రాక్టరులోని సన్నని తీగల మీద, పాత స్విచ్చి మీద మోపితే అవి వేడెక్కుతవి. అందుచేత బ్యాటరీనుంచి విడిగా ఒక ఫ్యూజు, దాని వెంట రిలేలు అమర్చి, ట్రాక్టరు స్విచ్చి రిలేకు ఆజ్ఞ మాత్రమే ఇచ్చేటట్లు చేయడం ఉత్తమం. ఫ్యూజు పోయినప్పుడు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమో, రాగి పోగో చుట్టి బండి కదిలించే అలవాటు మనలో ఉన్నది. ఫ్యూజు తాను కాలి తీగను కాపాడుతుంది. దానిని కాలనీయకపోతే తీగ కాలుతుంది. ఆ తీగ ప్రక్కనే ఉన్నది ఎండు కట్టె అని మరువరాదు.

ఫ్లాషరును గూర్చి కూడా ఒక మాట. ఇండికేటరు నిమిషానికి 60కి తక్కువ కాకుండా, 120కి మించకుండా మిణుకవలెను. పాత తరహా ఫ్లాషరులో విద్యుత్తు వేడికి ఒక రేకు వంగి సంబంధాన్ని తెంచుతుంది, చల్లారి మళ్ళీ కలుపుతుంది. ట్రాలీ బల్బు అదనంగా చేరితే విద్యుత్తు పెరిగి రేకు త్వరగా వేడెక్కుతుంది. దీపం తొందర తొందరగా కొట్టుకొంటుంది. బల్బు పోతే నెమ్మదిస్తుంది. తక్కువ విద్యుత్తు తీసుకొనే ఎల్.ఇ.డి. దీపాలు పెడితే రేకు వేడెక్కక, దీపం మిణుకడమే మానివేయవచ్చును. కాబట్టి ట్రాలీతో సహా ఎన్ని బల్బులకు పనికివచ్చునో డబ్బా మీద చూచి, తగిన ఫ్లాషరునే కొనవలెను. నేటి కార్లలో బల్బులను కంప్యూటరు కనిపెట్టి చూస్తూ ఉంటుంది. అక్కడ తీగను కోసి కలపడం పనికిరాదు. ఆ కారుకు ఉద్దేశించిన ట్రైలరు పరికరాన్నే వాడవలెను.

తీగ వేసేముందు బ్యాటరీ ఎర్త్ కొనను విప్పవలెను. తీగలను మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయరాదు. రెండు వర్షాలకే అతుకు పచ్చబడి ఊడిపోతుంది. కొనలకు తగిన క్లిప్పులు నొక్కి, పైన గొట్టం తొడగవలెను. ట్రాలీ చాసి లోపలి ప్రక్కన తీగలను గొట్టంలో దూర్చి బిగించవలెను. ఇనుపరేకు రంధ్రం గుండా పోయేచోట రబ్బరు కమ్మి తప్పదు. ట్రాలీ తొట్టి పైకి లేచే రకమైతే లేచినప్పుడు తీగ తెగనంత వదులు ఉంచవలెను. ట్రాక్టరుకు, ట్రాలీకి నడుమ తీగ పూర్తి మలుపులో బిగుసుకోరాదు, తిన్నగా పోయేటప్పుడు నేలకు రాసుకోరాదు, తిరిగే ఇరుసుకు దగ్గరగా పోరాదు. దీపాలను చట్రం లోపలికి జరిపి ఇనుప జాలీ బిగిస్తే రాళ్ళు, ఇటుకలు దింపేటప్పుడు పగలవు. కట్టె వెనుకకు వేలాడి దీపాలను కప్పివేయకుండా చూచుకొనవలెను.

పరీక్షకు ఇద్దరు కావలెను. ఒకరు సీటు మీద, ఒకరు ట్రాలీ వెనుక. ఇంట్లో పిల్లలు ఉంటే ఈ పని వారికి వేడుకగా ఉంటుంది. ‘‘కుడిది మిణుకుతాంది నాయనా, బ్రేకుది రాలేదు’’ అని కొడుకు చెబితే తండ్రికి ఎక్కడ వెదకవలెనో తెలుస్తుంది. ట్రాక్టరు దీపం కూడా వెలగకపోతే దోషం ఫ్యూజులోనో స్విచ్చిలోనో. ట్రాక్టరుది వెలిగి ట్రాలీది వెలగకపోతే మొదట బల్బు, తరువాత ప్లగ్గు పిన్ను, ఆ తరువాత తీగ. ఒక ప్రక్క మాత్రమే పోతే ఆ ప్రక్క తీగ. అన్నీ కలిసి పిచ్చిగా వెలిగితే ఎర్త్. ఒక తీగకు బల్బు కట్టిన టెస్టు ల్యాంపు ఉంటే ఎక్కడిదాకా విద్యుత్తు వచ్చి ఆగినదో నిమిషాలలో పట్టవచ్చును. పని అయిన తరువాత ప్లగ్గును నేలపై పడవేయక, నోరు కిందికి ఉండేటట్లు తగిలించి ఉంచవలెను.

ఎంత చక్కగా అమర్చినా తీగ తీగే; ఒకనాడు తెగుతుంది. పైగా ట్రాక్టరును విప్పుకొని పోయిన తరువాత ట్రాలీకి బ్యాటరీ లేదు, ఏ దీపమూ వెలగదు. ఇరుసు విరిగి రోడ్డు మీద నిలిచిపోయిన ట్రాలీ చుట్టూ నాలుగు రాళ్ళు పేర్చి ఇంటికి పోవడం మనకు అలవాటు. చీకటిలో ఆ రాళ్ళు రెండవ ప్రమాదానికి కారణమౌతవి. విద్యుత్తు అవసరం లేని కాపుదల ఒకటి ఉన్నది: కాంతిని తిప్పికొట్టే పట్టీలు. వెనుక ఎరుపు, ప్రక్కల పసుపు, ముందు తెలుపు అంటించవలెను. వాటిపై పేరుకొన్న దుమ్మును తడి గుడ్డతో తుడవవలెను. నిలిచిపోయిన బండిని వీలైనంతవరకు దారి దింపి, దూరాన త్రికోణపు హెచ్చరిక పలకను నిలపవలెను.

ఇవన్నీ చేయడానికి కావలసిన సామాను మూరెడు సంచిలో పట్టేంతే. పని ఒక పూట. ట్రాక్టరు కొన్నవాడికి, ట్రాలీ కట్టించినవాడికి ఇది లెక్కలోనికి వచ్చే ఖర్చు కాదు. ఆ ట్రాలీలో వెనుక చెక్కకు ఆనుకొని కూర్చొని ఇల్లు చేరేవారు, వెనుకనుంచి వచ్చే దీపాలకు అందరికంటె దగ్గరగా ఉండేవారు, కూలికి పోయి వచ్చే స్త్రీలు, వారి వెంట వచ్చిన పిల్లలు. అసలు ట్రాలీ మనుషులు ప్రయాణం చేసే బండి కాదు. అయినా చేస్తున్నారన్నది అందరికీ తెలిసిన సంగతే. తాము ఎక్కిన బండి వెనుక దీపం వెలుగుతున్నదో లేదో వారికి కనబడదు. స్విచ్చి వేసినవాడికి కూడా సీటు మీదినుంచి కనబడదు. అందుకే చీకటి పడి రహదారి ఎక్కేముందు బండి దిగి, ట్రాలీ చుట్టూ ఒకసారి నడిచి చూడడం నడిపేవాడి విధి. ఎర్రమంచి వంటి చోట్ల రహదారి వెడల్పు పెరిగినది, వేగం పెరిగినది. దానికి తగినట్లు మన ట్రాలీలకు కూడా మాటలు నేర్పవలెను.